ఐదో వరుస

కిందటి వారం మనం బసవపున్నయ్య ఇంటి గేటు దగ్గర ఆగిపోయాం. పొద్దున కొత్తగూడెం బండి దిగి, కారేపల్లి స్టేషన్ నుంచి దారి అడుక్కుంటూ ఒక లంబాడీ ఆవిడ, ముప్పై ఏళ్ల కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. చంకలో ఒక రేకు డబ్బా. "నకళ్లు రాసే బసవపున్నయ్య సారు ఇల్లు గిదేనా?" అని అడిగింది. నకళ్లు మానేసి మూడేళ్లయిన మనిషిని ఇంకా ఆ పేరుతో వెతుక్కుంటూ వచ్చిందెవరా అని ఆయనా, ఆయనతో పాటు మనమూ బుర్ర గోక్కున్నాం.

కథలో కొత్తగా చేరినవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పాలి. బసవపున్నయ్య తాలూకా కచేరిలో ముప్పై నాలుగేళ్లు నకళ్ల గుమాస్తాగా చేశాడు. తాతల కాలంలో నందిగామ వైపు నుంచి వచ్చిన రైతు కుటుంబమే అయినా, ఉర్దూ బడిలో చదువుకున్నాడు గనక నిజాం కాలపు కాగితాలను తెలుగులోకి దించడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఎనభై ఆరులో రిటైరయ్యాడు. పూలదండ వేసి, గోడ గడియారం చేతికిచ్చి పంపించారు. ఆ గడియారం కింద కూర్చుని వారం రోజులు ఆలోచించాడు. ఇన్నేళ్లూ రాసిందంతా ఎవరెవరి మాటలో, ఎవరెవరి హద్దులో. ఇంత మంచి రాత ఇచ్చిన దేవుడికి అందులోంచి ఒక్క అక్షరం కూడా ముట్టలేదు. మిగిలిన కాలమైనా ఆయనకే ఇచ్చేద్దామని భద్రాచలం వెళ్లి రామకోటి రాస్తానని మొక్కుకున్నాడు.

అక్కడితో ఆగితే ఆయన బసవపున్నయ్య ఎందుకవుతాడు! కోటి పూర్తయ్యేదాకా ఈ చేత్తో వేరే అక్షరం రాయననీ, రాస్తే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాననీ స్వామి ఎదుట నిలబడి చెప్పి మరీ వచ్చాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. అప్పటి నుంచి పింఛను కోసం బ్యాంకులో వేలిముద్ర వేస్తున్నాడు. కొత్తగా వచ్చిన క్లర్కు జాలిపడి, "పెద్దాయనా, రాత్రిబడికి పోరాదూ, సంతకమన్నా వస్తది" అంటే, "చూద్దాం లే నాయనా" అనేసి, ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పాడు. భార్య నిర్మలాదేవి ఆ పూటంతా నవ్వుతూనే ఉంది. మూడేళ్లలో నలభై ఒక్క లక్షలు పూర్తయ్యాయి. ఆయనకు అరవై ఒకటి నిండింది.

ఇక అరుగు మీదికి వద్దాం.

నిర్మలాదేవి ఇద్దరికీ మంచినీళ్లు ఇచ్చింది. ఆవిడ తాగి, గ్లాసు పక్కన పెట్టి, డబ్బా ఒళ్లోకి తీసుకుంది. కొడుకు కూర్చోలేదు. స్తంభానికి ఆనుకుని, ఈ పని అయ్యేది కాదులే అన్నట్టు వీధి వైపు చూస్తున్నాడు.

"నా పేరు మంగ్లి సారూ. ములకలపల్లి అవతల, వాగు దాటితే మా తండా. గీడు నా కొడుకు హీరాలాల్. బొగ్గుబాయిల పని చేస్తడు. నీతోని ఒక్క కాగితం రాయించుకుందామని వచ్చినం."

"నేనిప్పుడు ఏమీ రాయడం లేదమ్మా."

"ఎరికే. స్టేషన్ కాడ చెప్పిండ్రు. రాములోరి పేరు తప్ప వేరే రాయవంట గద. గందుకే ఎక్కువ అడుగుత లేను. ఒక్క వరుస రాస్తే చాలు."

"ఒక వరుసైనా, ఒక అక్షరమైనా మొక్కు మొక్కే. ఊళ్లో రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను మాట్లాడి పెడతాను."

"యాడీ, నేను ముందే చెప్పిన గద," అన్నాడు హీరాలాల్ తల్లితో. "పా, పది గంటల బండి అందుకుందాం."

మంగ్లి లేవలేదు. డబ్బా మూత తీసింది. లోపల ఎర్రగుడ్డ, దాని మీద ఎండిన బంతిరేకులు. నెయ్యి కాలిన వాసన గుప్పుమంది. గుడ్డ మడతలు ఒక్కొక్కటే విప్పుతుంటే బసవపున్నయ్యకు ఉండబట్టలేదు, మెడ చాచి చూశాడు. నాలుగు మడతల కాగితం. అంచులు పొగచూరి నల్లబడ్డాయి, మధ్యలో కుంకుమ మరకలు.

"గిది మా సేవాలాల్ మహరాజ్ గుడిల ఉంటది. పండుగ వచ్చినప్పుడల్లా నిప్పుల మీద నెయ్యి, బెల్లపన్నం ఏసి భోగ్ పెడతం గద, అప్పుడు దీన్ని కూడ దేవుని పక్కన పెట్టి మొక్కుతం. ఇరవై ఎనిమిదేండ్ల సంది మొక్కుతున్నం. గీ కాగితం ఉంటేనే మా భూమి ఉన్నట్టు అని పెద్దోళ్లు చెప్పిండ్రు. మాకెవ్వరికీ సదువు రాదు. సూసుడే, కండ్లకద్దుకునుడే."

ఆమె కాగితం విప్పి అరుగు మీద పరిచింది. బసవపున్నయ్య ముందుకు వంగాడు. అది ఆయన రాతే! ముప్పై మూడేళ్ల వయసులో రాసిన రాత. గుండ్రటి అక్షరాలు, ఎగిరిపడుతున్న తలకట్లు. ఎంత పొగరుగా రాసేవాణ్ణి అనుకున్నాడు. తన చేతి నుంచి పోయిన కాగితాలు ఎక్కడెక్కడ ఏ గతి పట్టాయో ఆయన ఎన్నడూ ఆలోచించలేదు. ఒకటి పోయి దేవుడి పక్కన కూర్చుందని తెలిస్తే ఏ గుమాస్తాకైనా గర్వంగానే ఉంటుంది, ఆయనకూ అయింది. చదవడం రాయడం కిందికి రాదు గదా అని సర్దిచెప్పుకుని, పంచె అంచుతో కళ్లద్దాలు తుడుచుకుని కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

ఉర్దూ పహాణీకి తెలుగు నకలు అది. తండా చుట్టూ ఏ కుటుంబం ఎంత సాగు చేసుకుంటున్నదో వరుసగా రాసి ఉంది. నాలుగు వరుసలు, నాలుగు పేర్లు. అడుగున 'మొత్తం ఐదు కుటుంబాలు, ముప్పై ఎకరాలు' అని ఉంది.

ఆయన మళ్లీ పైనుంచి చదివాడు. నాలుగే పేర్లు ఉన్నాయి.

హీరాలాల్ ఇటు తిరిగాడు. "సూసినవా సారూ? ఇన్నేండ్లు ఎవ్వలూ సూడలే. ఇప్పుడు అడవి హద్దులు తేల్చనీకి సర్వే వచ్చింది. ఆ ఆఫీసరు సూసిండు. కింద ఐదంటున్నది, పైన నలుగురే ఉన్నరు, ఐదో మనిషి ఎవడు అన్నడు. మా నాయన పేరు లేదు. గోప్యా అని ఆయన పేరు. వాగు అవతల ఆరెకరాలు మాది. మా తాత పోడు కొట్టిండు, మా నాయన దున్నిండు. గిప్పుడది అడవిల కలుస్తదంట."

"కచేరిలో అసలు కాగితం ఉంటుంది గదా. అది తీయించండి."

"సెదలు తిన్నయ్. అడిగినం. గీ రాత నీదని ఆడనే చెప్పిండ్రు. ఆఫీసరు మంచోడే. ఈ నకలు రాసినాయన బతికుంటే తీసుకరాండ్రి, వరుస తప్పిపోయిందో లేదో ఆయనే చెప్పాలె, నా ముంగట కూసొని తన చేత్తోని రాసియ్యాలె అన్నడు. ఆ రాత, ఈ రాత ఒక్కతీరుగుంటే ఒప్పుకుంటడట. ఏలిముద్ర నడ్వదన్నడు. గురువారం ఆఖరు. శుక్రవారం రాళ్లు పాతుతరు."

ఇవాళ మంగళవారం. బసవపున్నయ్య కళ్లు కాగితం అడుగున ఉన్న తేదీ మీద పడ్డాయి. అది శ్రీరామనవమి ముందురోజు. ఆ ఏడు నవమి ఆయన మరిచిపోయేది కాదు.

నకళ్ల గుమాస్తాలకు ఒక పద్ధతి ఉంటుంది. అసలు కాగితం మీద వరుస కింద స్కేలు పెట్టుకోవాలి. ఆ వరుస రాయడం అయ్యాక స్కేలు ఒక్క వరుస కిందికి జరపాలి. కన్ను తప్పినా స్కేలు తప్పకూడదు. ఆ రోజు నాలుగు గంటలకు ఒక కందుల లారీ గోదావరి ఒడ్డు దాకా పోతుందని తెలిసి, ఎలాగైనా రాముడి కల్యాణం చూడాలని డ్రైవరును బతిమాలి ఒప్పించుకున్నాడు. బయట లారీ హారన్ మోగింది. స్కేలు జరిగింది. ఒకటి జరగాల్సిన చోట రెండు వరుసలు జరిగి ఉంటుంది. సరిచూడాల్సిన గుమాస్తా కూడా "నువ్వు రాశాక చూసేదేముంది" అని సంతకం గీకేశాడు.

అంతకన్నా బాగా గుర్తొచ్చింది ఇంకొకటి. తండా నుంచి కాగితం తీసుకోవడానికి వచ్చిన మనిషి. తెల్ల తలపాగా, బక్కపలచటి ఒళ్లు, పొద్దుటి నుంచి బల్ల ముందు నిలబడే ఉన్నాడు. కాగితం చేతిలో పెట్టగానే, "గోప్యా సారూ, మోతీ కొడుకును. నా పేరు ఉన్నదా?" అని అడిగాడు. "అందరివీ ఉన్నాయి, పోవయ్యా" అని తలుపు వైపు పరుగెత్తాడు తను. వెనక్కి చూస్తే ఆ మనిషి కాగితాన్ని కళ్లకద్దుకుంటున్నాడు.

బసవపున్నయ్య కాగితం అరుగు మీద పెట్టాడు. ఎదురుగా ఉన్న ఇద్దరికీ ఈ సంగతి తెలియదు. పాత కాగితం, జ్ఞాపకం లేదమ్మా అంటే నమ్మి లేచిపోతారు. మొక్కు దక్కుతుంది. ఇంకో నాలుగేళ్లు ఓపిక పడితే కోటి పూర్తవుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఇంత పెద్ద మనిషికి అలాంటి ఆలోచన ఎలా వచ్చిందని మీరు ఆయన మీద కోప్పడవచ్చు, నాకూ కోపం వచ్చింది. కానీ మంగ్లి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఆయన మొహంలోకే చూస్తోంది.

"మీ ఆయన ఉన్నాడా అమ్మా?" అని అడిగాడు.

"లేడు సారూ. ఆరేండ్లయింది."

"తప్పు నాదే. ఐదో వరుస ఉండింది. నేనే దాటేశాను. గోప్యా నన్ను అడిగాడు, నా పేరు ఉన్నదా అని. ఉందని చెప్పి పంపాను." కాగితం అడుగున తేదీ మీద వేలు పెట్టాడు. "మర్నాడు నవమి. భద్రాచలం పోవాలని తొందరపడ్డాను."

హీరాలాల్ స్తంభం వదిలి ముందుకొచ్చాడు. "తొందరపడ్డవా? మా నాయన సచ్చేదాకా మొక్కిండు ఆ కాగితానికి. తన పేరే లేని కాగితానికి! జరమొచ్చి మంచంల పడ్డప్పుడు గూడ గుడికాడికి ఎత్తుకపొమ్మన్నడు. నువ్వేమో ఈడ కూసొని రామా రామా అని రాసుకుంటున్నవ్. నీకు దేవుడు దొరుకుతడు, మాకు ఉన్న చెలక పోతది. అంతేనా సారూ?"

లోపల్నుంచి నిర్మలాదేవి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. బసవపున్నయ్య తల దించుకున్నాడు.

మంగ్లి కొడుకు వైపు చెయ్యి ఎత్తింది. అతను ఆగాడు. ఆమె బసవపున్నయ్య వైపు తిరిగింది.

"పెండ్లి మంచిగ అయిందా సారూ?"

"ఏ పెళ్లమ్మా?"

"రాములోరి పెండ్లి. నువ్వు గంత ఉరికి పోయినవు గద. చూసినవా?"

ఎగతాళి చేస్తోందేమోనని ఆయన తలెత్తి చూశాడు. ఎగతాళి లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతోంది. తమ ఆరెకరాలు పోగొట్టిన ఆ పెళ్లి ఎంత గొప్పగా జరిగిందో, ఏమేం చూశాడో వినాలని ఉంది ఆమెకు.

"చూడలేదు," అన్నాడు బసవపున్నయ్య. "లారీ దారిలో చెడిపోయింది. అప్పటికి గోదావరి మీద వంతెన లేదు. ఒడ్డు చేరేసరికి మధ్యాహ్నం దాటింది, లాంచీ ఎక్కడానికి జనం తోసుకుంటున్నారు. నేను అవతలికి పోయేసరికి కల్యాణం అయిపోయి అందరూ తిరిగొస్తున్నారు. ఎవరో ముసలాయన నాలుగు తలంబ్రాలు నా చేతిలో పోశాడు."

"కళ్లారా చూశానని చెప్పారుగా!" అంది గుమ్మంలోంచి నిర్మలాదేవి. "సీతమ్మ పట్టుచీర రంగు కూడా చెప్పారు!"

"చెప్పాను. అబద్ధం చెప్పాను."

"అయ్యో సారూ," అంది మంగ్లి. ఆమె మొహంలో నిజంగానే జాలి కనిపించింది. "గంత ఉరికినవ్. అది గూడ దక్కలేదా?"

హీరాలాల్ తిట్టినప్పుడు చలించని మనిషికి ఆ మాటతో కళ్లు తడిశాయి. గోప్యా పేరు రాసి, స్కేలు తిన్నగా జరిపి, మర్నాటి బండికి వెళ్లి ఉన్నా ఇంతే అయ్యేది. ఎటూ చూడలేకపోయిన పెళ్లి కోసం ఒక సంసారాన్ని కాగితం మీంచి జారవిడిచాడు. ఆ సంగతి దేవుడు ఇరవై ఎనిమిదేళ్లు కడుపులో దాచుకుని, నలభై ఒక్క లక్షల సార్లు తన పేరు రాయించుకుని, ఈ పొద్దు ఈమెను బండెక్కించి పంపాడేమో అనిపించింది. ఎందుకు ఇప్పుడే పంపాడో ఆయనకు అంతుపట్టలేదు.

లేచి లోపలికి వెళ్లాడు. పీట మీద ఆనాటి రామకోటి పుస్తకం తెరిచే ఉంది. సగం గడులు నిండాయి. పుస్తకం మూసి కళ్లకద్దుకుని బీరువాలో మిగిలిన వాటి మీద పెట్టాడు. నిర్మలాదేవి వెనకే వచ్చింది. మూడేళ్లుగా ఈ మొక్కును వేళాకోళం చేస్తూ వచ్చిన మనిషి, ఇప్పుడు ఆయన చెయ్యి పట్టుకుంది.

"కాస్త ఆలోచించండి. మళ్లీ ఒకటి నుంచి అంటే ఏడేళ్లు. మా మామగారు అరవై మూడుకే పోయారు. రాయొద్దనడం లేదు నేను. భద్రాచలంలో ఎవరైనా పెద్దల్ని అడిగి, దీనికేదన్నా దారి ఉందేమో కనుక్కుని రాయండి."

"గోప్యా కూడా అడిగాడు నిర్మలా. నేను పొమ్మన్నాను."

ఆమె చెయ్యి వదిలేసింది. అల్మారాలోంచి తెల్లకాగితాలు తీసి తనే ఆయన చేతికిచ్చింది.

అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. ఎంత అనుభవం ఉన్న గుమాస్తా అయినా ముందు చిత్తు రాసుకుంటాడు. ఎల్లుండి ఆఫీసరు ఎదుట ఏం రాయాలో ఇక్కడే ఒకసారి రాసి చూసుకుందామనుకున్నాడు. తూర్పు వైపు తిరిగి, పెదవులు కదలకుండా చెప్పుకున్నాడు. స్వామీ, ఈ ముక్క రాసిన తర్వాతే నీ పెళ్లికి బయల్దేరాల్సింది. ఆలస్యమైంది. ఇది రాసి వస్తాను, తర్వాత మన లెక్క మళ్లీ ఒకటి దగ్గర మొదలుపెడదాం.

కలం కాగితానికి ఆనింది. 'ఐదు. గోప్యా, తండ్రి మోతీ. వాగు అవతల ఆరు ఎకరాలు.' దాని కింద, ఈ వరుస అసలు పహాణీలో ఉండిందనీ, నకలు తీసేటప్పుడు తన పొరపాటు వల్ల తప్పిపోయిందనీ రాసి, మూడేళ్ల తర్వాత తన సంతకం పెట్టాడు. గుండె మీంచి బరువు దిగినట్టయింది. మూడేళ్లు రామకోటి రాస్తూ దొరకని నిశ్చింత ఏదో ఈ నాలుగు ముక్కల్లో దొరికినట్టు ఆయన ఒళ్లంతా తేలికైంది. నలభై ఒక్క లక్షలు పోయాయన్న దిగులు ఎంత వెతికినా కనిపించలేదు, అదే ఆయనకు వింతగా ఉంది.

"చదివి వినిపిస్తా, వినమ్మా," అన్నాడు సంతోషంగా.

మంగ్లి వినడం లేదు. కొత్త కాగితం తీసుకుని ఎర్రగుడ్డలోని పాత కాగితం పక్కన పెట్టింది. వంగి చూసింది. వేలితో పాత అక్షరాలను తడిమి, అదే వేలితో కొత్త అక్షరాలను తడిమింది. మళ్లీ పాతదాని మీదికి వచ్చింది.

"ఏందమ్మా? నీకు చదువు రాదంటివి గదా."

"సదువు రాదు సారూ. కానీ గీ కాగితాన్ని ఇరవై ఎనిమిదేండ్లు సూసిన. నా పిల్లల మొకాలు గూడ గంతగనం సూడలే." ఆమె వేలు పాత నకలు మీద ఆగింది. "గిండ్ల ప్రతి అచ్చరం మీద చిన్న తోక లేసి ఉంటది, పిట్ట ఎగిరినట్టు. అచ్చరాలు దూరం దూరం, నిండుగ ఉంటయ్. నువ్వు గిప్పుడు రాసినదాండ్ల తోకలు లెవ్వు. అన్ని ఒకదాన్నొకటి కరుసుకొని కూసున్నయ్."

హీరాలాల్ వంగి రెండు కాగితాలూ చూశాడు. తేడా అతనికీ కనిపించింది. అతని మొహం మాడిపోయింది. నిర్మలాదేవి కూడా వచ్చి చూసింది.

బసవపున్నయ్య కళ్లద్దాలు సవరించుకున్నాడు. ఆమె చెప్పింది నిజం. రోజుకు నాలుగు వేల గడులు, ఒక్కో గడి వేలిగోరంత. పై గడికి తగలకుండా తలకట్లు కోసేశాడు, పక్క గడిలోకి పోకుండా వట్రసుడులు నొక్కేశాడు. మూడేళ్లలో చేతికి అదే అలవాటైపోయింది. తనకే తెలియకుండా రాత మారిపోయింది. ఎదురుగా ఉన్న రెండు కాగితాలూ ఒకే మనిషి రాశాడంటే కన్నతల్లి కూడా నమ్మదు, ఇక సర్వే ఆఫీసరు నమ్ముతాడా? మొక్కూ పోయింది, కాగితమూ చెల్లేటట్టు లేదు. రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు మన బసవపున్నయ్య.

ఆయన కలం గట్టిగా పట్టుకుని ఇంకో కాగితం తీశాడు. 'గోప్యా' అని పెద్దగా రాయబోయాడు. రెండో అక్షరానికే చెయ్యి గడిలోకి ముడుచుకుపోయింది. మళ్లీ రాశాడు. మళ్లీ అంతే.

మంగ్లి పాత కాగితాన్ని ఎర్రగుడ్డలో మడిచి, డబ్బాలో పెట్టకుండా ఒళ్లోనే ఉంచుకుంది.

"మాకు ఎల్లుండి దాకనే టైముంది సారూ," అంది. "గా చెయ్యి ఏడ పోయింది?"